చార్జిషీటు నాదే, సంజాయిషీ నాదే

గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో నేను టైపిస్టుగా చేరినప్పుడు నాకు అప్పగించిన పని చార్జిషీట్లు కొట్టడం. డెబ్బయ్యో దశకం మొదటి సంవత్సరాలు. మేనేజరు ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను కొట్టేవాణ్ణి. వాక్యాలన్నీ ఒకటే, పేర్లూ తేదీలూ మారేవి. అనుమతి లేకుండా ఇన్ని రోజులు పనికి రాలేదు, నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వు అని దాని సారాంశం.

ఆ కాగితం అందుకున్నవాళ్లలో చాలామందికి అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా క్వార్టర్ల వరసలో క్రైస్తవ మిషను బడిలో చదివి ఇంగ్లీషు నేర్చినవాణ్ణి నేనొక్కణ్ణే. షిఫ్టు దిగి, స్నానం చేసి, కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని మా క్వార్టరుకే వచ్చేవాళ్లు. పొద్దున నేను కొట్టిన కాగితాన్ని సాయంత్రం నేనే చదివి చెప్పి, దానికి జవాబు కూడా నేనే రాసేవాణ్ణి. మా ఆవిడ వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేస్తూ నవ్వేది. "తిట్టేది నువ్వే, బతిమాలేది నువ్వే" అనేది. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. రెండేళ్లు తిరిగేసరికి నవ్వు పోయి విసుగు మిగిలింది.

మేనేజరు చెడ్డవాడని చెప్పలేను. అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. తలెత్తి చూసేవాడు కాదు, అంతే. పనివాళ్లు వరండా కింద చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఆయన బల్ల ముందు నిలబడి, కాగితం మీదికి వంగిన ఆయన నెత్తితో మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. మేమూ అంతే. ఆ గదిలో ఆయనకు కాక ఇంకెవరికీ కుర్చీ పని ఉండేది కాదు. చేరిన వారంలోనే హెడ్ క్లర్కు నాకు హెచ్చరిక చేశాడు. "దొర అడిగినదానికే జవాబు చెప్పాలె. అడగంది చెప్పినవనుకో, ఆ పని గూడ నీ నెత్తికే వస్తది."

మా పక్క క్వార్టరులో ఒక ఫిల్లరు ఉండేవాడు. పేల్చిన బొగ్గును తట్టకెత్తి టబ్బుల్లో పోసే పని. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు. ఒక వానాకాలం ఆయన పద్దెనిమిది రోజులు పనిలోకి దిగలేదు. చార్జిషీటు నేనే కొట్టాను. కాగితం అందిన రెండో రోజు సాయంత్రం గోడ పట్టుకుని, వంగిన మనిషి వంగినట్టే మా గడపలోకి వచ్చాడు.

"ఏమని రాయాలె అన్నా?"

"నడుము పట్టింది తమ్మీ. లేవనీకి వస్తలేదు. దొడ్డికి పోవాలన్నా మీ వదినె పట్టుకోవాలె."

"మరి దవాఖానకు పోకపోతివి?"

"పోతే డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తడు. బాయిల బొగ్గు పని పోతది. మా అవ్వ సచ్చిపోయిందని రాయి."

రాశాను. మూడో రోజు మేనేజరు పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి నిన్నటిది, ఇంకొకటి అంతకుముందు ఏడాదిది. రెండింట్లోనూ ఆ ఫిల్లరు తల్లి చనిపోయింది. రెండూ నేను రాసినవే. మొదటిది రాసిన సంగతే నాకు గుర్తు లేదు.

"ఈ మనిషికి ఎంతమంది తల్లులయ్యా?" అన్నాడు. "రాత నీదేనని నాకు ఎప్పటినుంచో తెలుసు. కూర్చో. అసలు సంగతేమిటి?"

కూర్చో అన్న మాట ఆయన నోట వినడం అదే మొదలు. కూర్చున్నాను. తలెత్తి నా ముఖంలోకే చూస్తున్నాడు. ఏం చెప్పినా వింటాడనిపించింది. నడుము సంగతి, దవాఖాన భయం, అన్నీ చెప్పేశాను.

"అయ్యో పాపం" అన్నాడు. "అలాంటివాణ్ణి లోపలికి దింపడం తప్పు."

ఆ సాయంత్రం తేలికపడ్డ మనసుతో ఇంటికి వెళ్లాను. వారం తిరక్కుండానే ఆయన ఇంకో ఉత్తరం చెప్పాడు. ఫలానా కార్మికుణ్ణి వైద్య పరీక్షకు పంపాలి. వేళ్లు ఆగాయి. "సార్" అన్నాను. "ఊఁ?" అన్నాడు, తలెత్తకుండా. ఏమీ లేదన్నాను. మిగతాది కొట్టాను.

డాక్టరు అన్‌ఫిట్ రాశాడు. ఆ కాగితం కూడా ఫిల్లరు నా దగ్గరికే తెచ్చాడు. చదివి చెప్పి, దాచడం చేతకాక, "నేనే చెప్పిన అన్నా" అన్నాను.

కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టాడు. "దొర అడిగిండా?"

"అడిగిండు. కూసోబెట్టి అడిగిండు."

"ఇరువై ఏండ్లల్ల నన్నొక్కపారి కూసోమనలే" అన్నాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. గోడ పట్టుకుని, "నువ్వయినా ఏం జేస్తవు" అని లేచాడు.

నెల తర్వాత క్వార్టరు ఖాళీ చేసి రామగిరి వైపు తమ ఊరికి వెళ్లిపోయారు. సామాను బండికెత్తడానికి వెళ్తే ఆయన భార్య నన్ను దేన్నీ ముట్టుకోనివ్వలేదు. కొన్నాళ్లకు మేనేజరు దారిలో ఆపి, "ఆ మనిషి ఎలా ఉన్నాడు? మనం మంచి పనే చేశాం కదా?" అన్నాడు. అవును సార్ అన్నాను. ఆ నడుముతో గని లోపల ఇంకో ఏడాది ఉంటే ఏమయ్యేదో నాకూ తెలియదు. ఆయనదే సరైన మాట కావచ్చు. ఈ రోజుకీ తేల్చుకోలేను.

మేనేజరుకు బదిలీ అయి ఇంకొకాయన వచ్చాడు. చార్జిషీట్లు ఆగలేదు, మా గడపకు వచ్చేవాళ్లూ తగ్గలేదు. నేను ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. కాగితం ముందు పెట్టుకుని, వాళ్లు నోరు తెరవకముందే చెప్పేవాణ్ణి: "అసలు సంగతి నాకు చెప్పకుండ్రి. ఏం రాయాల్నో అదే చెప్పుండ్రి."

కొందరు నొచ్చుకున్నారు. కొందరికి రాయించుకోవడం కంటే చెప్పుకోవడమే కావలసి ఉండేది. బిడ్డ జ్వరమనో, తమ్ముడితో పంచాయితీ అనో మొదలుపెట్టేవాళ్లు. అప్పుడు కలం పక్కన పెట్టి, మంచినీళ్ల వంకతో లేచి లోపలికి పోయేవాణ్ణి.