ఒకే పేరు, ఒకే ఫోను

గుడియాత్తంలో నాకొక చిన్న రక్తపరీక్షల ల్యాబు ఉండాది. కంప్యూటరు గురించి నాకు తెలిసిందల్లా, అది నిలిచిపోతే ఆపి మళ్ళీ పెట్టాలని. ఏళ్ళ తరబడి రిపోర్టులు డేటాబేసులో చేరి చేరి, ఒక్కొక్కటి తెరుచుకునే లోపల టీ తాగి రావచ్చు. దాన్ని బాగుచేయమని చెన్నైలో ఒక నిపుణుణ్ణి ఫోనులోనే కుదుర్చుకున్నాను.

"ఒకే పేరు, ఒకే ఫోను నంబరు అంటే ఒకే మనిషి కదా సార్. కలిపేస్తే బరువు తగ్గిపోతుంది," అన్నాడాయన.

సరే అన్నాను. నాకు మా తాత పేరే పెట్టినారు. మా ఇంట్లో చానా కాలం అందరికీ ఒకే ఫోను. అయినా సరే అన్నాను.

రిపోర్టులు చకచకా తెరుచుకున్నాయి. రెండు వారాలకు ఒక పెద్దాయన వచ్చి, తన రికార్డులో పుట్టిన మూడో రోజు పచ్చకామెర్ల పరీక్ష చేసినట్టు ఉండాదని, అప్పటికి మా ల్యాబు ఉండిందా అని చాలా మర్యాదగా అడిగినాడు. చెన్నై నిపుణుడికి ఫోను చేసినాను. ఎత్తలేదు. మరుసటి రోజూ ఎత్తలేదు.

వేలూరులో ఒక ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో ఇరవై ఏళ్ళు చేసి మానుకున్న ఒకామె కాట్పాడిలో ఉండాదని మా మెషిన్లు రిపేరు చేసేటాయన చెప్పినాడు. "ఆయక్క తెలియనిది తెలియదంటుంది," అన్నాడు. నిపుణుల గురించి అట్లాంటి మాట అంతవరకు వినలేదు. ల్యాప్‌టాప్ ఎత్తుకొని పోయినాను.

"బ్యాకప్ యాడుండాదప్పా?" అనింది.

బండి తాళాలకు వేలాడే పెన్‌డ్రైవ్ చూపించినాను. దాన్ని చూసింది, నన్ను చూసింది. దాంట్లో ఉండేదీ కలిపేసినాక తీసిందే. మొత్తం డేటాకు ఒక నకలు తీసి, అసలును మూసిపెట్టి, నకలులోనే వెతకడం మొదలుపెట్టింది.

"మనిషికి వయసు వెనక్కి పోదు కదా. అట్లా వెనక్కి పోయినవాళ్ళను ముందు పట్టుకుందాము," అనింది. కాసేపటికి స్క్రీను నా వైపు తిప్పింది. "ఈయమ్మకు రెండు నెలల కింద డెబ్బైయొకటి. పోయిన వారం పంతొమ్మిది. మీ ల్యాబులో ఏం టానిక్కు ఇస్తారప్పా?"

నవ్వబోయి, పేరు చూసి ఆగిపోయినాను.

అది మా దగ్గర పరీక్షలకు వచ్చే కే.వి.కుప్పం ఊరి అవ్వ. గుండెలో పెట్టిన వాల్వు ఉండాది. రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఆరు గంటలకు మాత్ర వేసుకోవాల. ఎంత మాత్ర అనేది, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే మా రిపోర్టులోని సంఖ్య చూసే డాక్టరు చెప్తాడు. అవ్వకు అది మూడు దగ్గర ఉండాల. మామూలు మనిషికి ఒకటి. పోయిన వారం పన్ను పీకించుకునే ముందు అదే పరీక్షకు వచ్చిన మనవరాలికి అవ్వ పేరే. ఆ పిల్లకు వచ్చిన 'ఒకటి' పోయి అవ్వ రికార్డులో కూర్చోనుండాది.

డాక్టరుకు ఫోను చేసి చెప్పినాను.

"ఒకటికి పడిపోయిందని నాలుగు రోజుల కిందనే మాత్ర పెంచినానే," అన్నాడు. "ఈ పూట వేసుకోనీయొద్దు. రక్తం తీసి సంఖ్య చెప్పు."

అవ్వ ఇంటి ఫోను మోగుతానే ఉండాది, ఎత్తేవాళ్ళు లేరు. అప్పటికి టైము నాలుగున్నర.

"ఇది యాడికీ పోదు. నువ్వు పో," అని ఆయక్క ల్యాప్‌టాప్ మూసేసింది.

నేను బండి మెల్లగా నడుపుతానని మా ఇంట్లో పేరు. ఆ రోజు దారిలో లత్తేరి ఊరు ఎప్పుడు దాటినానో తెలీదు. పోయేసరికి అవ్వ గడప దగ్గర చెనక్కాయలు ఒలుస్తా ఉండాది. ఫోను మనవరాలు కాలేజీకి ఎత్తుకొని పోయిందంట. అవ్వ మోచేతి కింద అరచేయంత నల్లగా కమిలి ఉండాది.

"ఇదేమవ్వా?"

"దూడ తగిలింది. తగిలినట్టు గూడా లేదు."

బండిలో ఎప్పుడూ ఉండే సూదితో రక్తం తీసి దూది ఒత్తి పట్టుకున్నాను. మామూలుగా రెండు నిమిషాల్లో నిలిచేది పది నిమిషాలైనా నిలవలేదు. దూది మార్చినాను. మాటలు రాకపోతే నిజమే చెప్పేయాల. "నీ మనవరాలి రిపోర్టు నీదనుకొని మాత్ర పెంచేసినారవ్వా. తప్పు నాదే. ఈ పూట మాత్ర వేసుకోవద్దు."

"పేరు పెట్టింది నేను కాదు నాయనా, నా కొడుకు. వాణ్ణి అడుగు," అనింది.

గుడియాత్తం చేరి మెషిన్లో పెడితే సంఖ్య అయిదున్నర. డాక్టరు రెండు రోజులు మాత్ర ఆపమన్నాడు; తలనొప్పి, వాంతి అంటే ఆ నిమిషమే వేలూరుకు తీసుకుపొమ్మన్నాడు. పక్కింటి ఫోనుకు చేసి అవ్వకు చెప్పించినాను. తర్వాత కాట్పాడికి చేసినాను.

"ఇట్లాంటివాళ్ళు ఇంకా నలభై మంది ఉండారప్పా," అనింది ఆయక్క. "నేను విడదీయను. ఎవరెవరో కంప్యూటరుకు తెలీదు, నాకూ తెలీదు. ఇంటింటికీ నువ్వే అడగాల. మాత్రల మీద ఉండేవాళ్ళను ముందు. నువ్వు చెప్పినాక ఒక్కొక్కరినే మారుస్తాను."

మూడో రోజు అవ్వ సంఖ్య మూడుకు దిగింది. అప్పటికి నేను జాబితాలో సగం దాటి, మోర్ధానా పక్క పల్లెలో ఒకమ్మకు ఫోను చేసి ఉండాను.

"అమ్మా, మీ ఇంట్లో ఈ పేరు ఎంతమందికి ఉండాది?"

ఆయమ్మ ఆలోచించింది. లోపల ఎవరినో కేకేసి అడిగింది. మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది.

"ఉండేవాళ్ళను మాత్రమేనా నాయనా, పోయినవాళ్ళను గూడా చెప్పాలనా?"