బొట్టు బిళ్ళల కార్డు

రాయ్‌పూర్ కొత్తగా రాజధాని అయిన రోజులవి. మేం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. మా ఆయన టాటీబంధ్ దగ్గర లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని చేసేవాడు. మా అత్త దేవేంద్ర నగర్‌లో నాలుగిళ్ళలో అంట్లు తోమేది. నేను పండరీ బట్టల దుకాణాల నుంచి చీరలు తెచ్చుకుని ఇంట్లో ఫాల్స్ కుట్టేదాన్ని. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు నిండాయి. ఊరికీ ఇక్కడికీ తిరగడంలో దాని బడి సంగతి ఎవరికీ పట్టలేదు. నాకైతే ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు.

బస్తీలో దుర్గమ్మ పూజలకు వేసిన రేకుల షెడ్డు ఒకటుండేది. కాలేజీ పిల్లలు కొందరు సాయంత్రాలు అక్కడికి వచ్చి చాపలు పరిచి, బడికి వెళ్ళని పిల్లలను పోగుచేసి చదువు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒక అమ్మాయి రైల్వే కాలనీ తెలుగు పిల్ల. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. పిల్లలందరికీ దీదీ. పక్కనున్న సర్కారు బడి పెద్ద మేడంతో మాట్లాడి వచ్చింది ఆ అమ్మాయే. వేసవి సెలవులు అయ్యాక పిల్లలను బడికి తీసుకొస్తే, తెలియని పేజీ ఒకటి ఇచ్చి చదివిస్తానందట ఆవిడ. చదివిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెడతారు. చదవలేకపోతే ఒకటో తరగతి.

ఆ మాట ఇంట్లో చెప్పగానే మా అత్త తోముతున్న గిన్నె పక్కన పెట్టింది.

"ఈ తాటిచెట్టుని ఆరేళ్ళ గుంటల పక్కన కూకోబెడతారేటి? నవ్విపోరూ? దేవేంద్ర నగర్‌లో ఇంకో రెండిళ్ళోళ్ళు అడుగుతున్నారు. సిన్న గుంటైనా పరవాలేదంట. నాతో పంపీ."

మా ఆయన అన్నం తింటూనే తీర్పు చెప్పాడు. "మూడులో తీసుకుంటే బడికి ఎల్తాది. నేదంటే అమ్మతో ఎల్తాది. ఇంక నన్నడక్కు."

నేను ఏడేళ్ళప్పుడు మా అమ్మ వెంట పనికి వెళ్ళినదాన్ని. చలికాలంలో సబ్బు నీళ్ళకు వేళ్ళ సందులు పగిలి, అన్నం కలుపుకోబోతే కారం మండి ఏడ్చిన రోజులు నాకు తెలుసు. మా అమ్మాయి చేతులు చూసినప్పుడల్లా అవే గుర్తొచ్చేవి.

దీదీలు ప్రతి పిల్లకూ గళ్ళు గీసిన అట్ట కార్డు ఒకటి, బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చారు. రోజుకు ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన కూర్చుని పిల్ల చదువుతుంటే వినాలి. విన్నట్టు గడిలో సంతకం పెట్టాలి. తల్లులందరినీ షెడ్డులో కూర్చోబెట్టి ఈ మాట చెప్పినప్పుడు నేను చేతులు కొంగు కింద దాచుకున్నాను. ఆ తెలుగు అమ్మాయి కనిపెట్టింది.

"ఆంటీ, సైన్ అక్కర్లేదు. ఒక బొట్టు బిళ్ళ అంటించేయండి, బస్, అంతే. వినడమే మెయిన్."

అలా నేను వినేదాన్నయ్యాను. రోజూ మధ్యాహ్నం అత్త పనికి వెళ్ళాక నేను చీర అంచు పట్టుకుని కూర్చుంటే, మా అమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చునేది. మేక సంతకు వెళ్ళే కథ. హిందీలో గడగడా చదివేది, ఎక్కడా ఆగేది కాదు. చదవడం అయ్యాక నుదుటి నుంచి బిళ్ళ తీసి గడిలో అంటించేదాన్ని. బస్తీ మొత్తం మీద ఖాళీ లేని కార్డు మాదే. దీదీ దాన్ని ఎత్తి చూపించి అందరి చేతా చప్పట్లు కొట్టించింది. మా ఆయన కూడా రెండు రోజులు కాస్త మెత్తగా మాట్లాడాడు.

బడి పరీక్షకు మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం పిల్ల అన్నం తింటూ పుస్తకం మీద పప్పు ఒలకబోసింది. తుడిచి ఎండలో పెట్టినా మధ్యలో రెండు కాగితాలు అతుక్కుపోయాయి. మరునాడు చదవడానికి కూర్చుంది. నాకు అక్షరాలు రాకపోయినా బొమ్మలన్నీ వరసగా తెలుసు. మేక గడ్డి టోపీ తినేసిన పేజీ తిప్పగానే వాగు రావాలి. అతుక్కున్న కాగితాలు కలిసి తిరగడంతో ఒకేసారి సంత వచ్చేసింది. బొమ్మలో మిఠాయి కొట్టు, గాజుల బండి కనపడుతున్నాయి. మా అమ్మాయి నోరు మాత్రం ఇంకా వాగు దాటుతూనే ఉంది. మేకకు నీళ్ళంటే భయం వేయడం, తాబేలు రావడం, తాబేలు వీపు మీద ఎక్కడం, అన్నీ ఒక్క ముక్క పోకుండా చెబుతోంది. చూపు పుస్తకం మీద కూడా లేదు, నా సూది మీద ఉంది.

సూది వేలిలో దిగింది. చీరకు రక్తం అంటకుండా వేలు నోట్లో పెట్టుకున్నాను.

"ఆగే. వాగు ఏదీ?" అన్నాను.

అది బొమ్మ వైపు చూసింది. "లోపల ఉందిలే అమ్మా."

"లోపల ఉన్నది నీకెలా కనపడింది?"

"కనపడక్కర్లేదు. నాకు వచ్చీసింది. పుస్తకం మూసీసినా సదివేత్తాను, సూడు." నిజంగానే మూసేసి, కళ్ళు కూడా మూసుకుని, చివరిదాకా చదివేసింది. తర్వాత నా మొహం చూసి బెదిరిపోయింది. "ఏటమ్మా? సదవడమంటే ఇదే కదేటి?"

షెడ్డులో దీదీ ఒక్కో మాట గట్టిగా చదివితే పిల్లలందరూ అదే మాట పలికేవారు. మా అత్త చెప్పే జముకుల కథలు ఒక్కసారి విని అప్పచెప్పే పిల్ల ఇది. అది అబద్ధం ఆడలేదు. చదవడమంటే అదేనని నేనూ అనుకున్నాను. నమ్మి ముప్పైకి పైగా బొట్లు అంటించాను.

ఆ సాయంత్రం షెడ్డుకు బయలుదేరాను. చెబితే దీదీ మా పిల్లను పరీక్షకు తీసుకువెళ్ళదేమో. చెప్పకపోతే పెద్ద మేడం ముందు తేలిపోతుంది. రెండు దారులూ దేవేంద్ర నగర్‌కే పోతున్నట్టు అనిపించింది. షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి, పిల్లలందరూ వెళ్ళిపోయాక చెప్పాను.

ఆ అమ్మాయి చాప చుడుతోంది. చుట్టిన చాప చేతిలోంచి జారిపోయింది.

"ఆంటీ, నేను మేడంకి లిస్ట్ ఇచ్చేశాను. ఫస్ట్ పేరు మీ పాపదే. కార్డ్ ఫుల్ ఉంది కదా అని, ఫర్రున చదువుతుంది మేడం అని చెప్పొచ్చాను." వంగి చాప తీసుకుంది. "నేను ఒక్కసారి కూడా చెక్ చెయ్యలేదు ఆంటీ. మీరు బొట్టు పెట్టారు, నేను టిక్ పెట్టాను."

ఆమెకు తన కాలేజీ గ్రూపు పెద్దలంటే భయమట. ఈ పని చేయడమే ఇంట్లో వాళ్ళ నాన్నకు ఇష్టం లేదట. నన్ను ధైర్యం చెప్పమన్నట్టు చూస్తోంది. నా దగ్గర ఉంటే కదా ఇవ్వడానికి!

మరునాటి నుంచి షెడ్డులో పాఠం మారింది. దీదీ బొమ్మను చేత్తో మూసి, మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగేది. తొలిరోజే మాలాంటి ఇళ్ళు ఇంకో నాలుగు బయటపడ్డాయి. షెడ్డుకు వెళ్ళే ముందు ఆ అయిదిళ్ళూ తిరిగేది. మా ఇంటికి అత్త వచ్చే లోపల వచ్చి వెళ్ళాలని నేను బతిమాలుకున్నాను.

"నేనుండేది అరగంట. మిగతా టైమ్ మీరే వినాలి," అంది ఆ అమ్మాయి.

"నేను వింటే ఏమైందో చూశావుగా తల్లీ."

"అందుకే, ఈసారి మీరు కూడా నేర్చుకోవాలి. నేను రేపు అడగబోయేది మీకు ఈరోజు చెప్తాను."

బట్టల మీద గీతలు గీసే సుద్దతో నేల మీద అక్షరాలు రాసి పెట్టి వెళ్ళేది. నేను వాటి పక్కనే చీర పరుచుకుని కూర్చునేదాన్ని. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు, అది నాకు తెలిసిన పని. అక్షరం ఒకసారి బుర్రలోంచి జారిపోతే ఎక్కడ వెతకాలో తెలిసేది కాదు. నిన్న వచ్చినది ఈరోజు కొత్త మొహంతో కనపడేది. మా అమ్మాయి నాకంటే ముందు పట్టేసి, "అది నిన్ననే సెప్పినారు కదమ్మా, మరీ ఇంత మొద్దేటి నువ్వు!" అని నవ్వేది. దానికి నవ్వు. నాకు రోజులు తరిగిపోతున్నాయన్న బెంగ.

ఒకరోజు అత్త పని తొందరగా ముగించుకుని వచ్చేసింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే నేల చూసింది. నేను కాలితో చెరపబోయాను కానీ సగమే చెరిగింది.

"ఏటీ రాతలు?"

"గుంట ఆడుకుంది అత్తా."

"గుంటకి అన్నీ వచ్చీసాయని కార్డు ఊరంతా సూపించినావు. మరి ఇంకా ఈ గీతలేటి?" నా చేతి వేళ్ళకున్న సుద్ద చూసింది. "ఓలమ్మో! సదువు నీకా? ముగ్గురు మనవలు పుట్టీ యీడున బడికి ఎల్తావా?"

నాకు అప్పటికి ముప్పై కూడా లేవు. మా ఆయనతో ఏమంటుందోనని ఆ సాయంత్రమంతా ఆవిడ నోటి వైపే చూస్తూ గడిపాను. ఆవిడ ఆయనతో ఆ మాట ఎత్తలేదు. పడుకోబోయే ముందు నాకు ఒక్కదానికే వినపడేలా, "బడిలో తేల్తాదిలే," అంది. తిట్టినా బాగుండేది.

పరీక్ష రోజు పెద్ద మేడం బల్ల ముందు మా అమ్మాయిని నిలబెట్టారు. నేనూ దీదీ దాని వెనకే తలుపు దగ్గర ఉన్నాం. మేడం మూడో తరగతి పుస్తకం తీసి, మధ్యలో తెరిచి, వేలుతో చూపించింది. బొమ్మ లేని పేజీ.

మా అమ్మాయి గడగడా చదవలేదు. ఒక్కో అక్షరం మీద ఆగి, పెదవులతో కలుపుకుని, అప్పుడు పైకి అంది. మొదటి వరస అయ్యేసరికి నా జాకెట్టు తడిసిపోయింది. రెండో వరసలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. నేనున్న చోటి నుంచి పేజీ కనపడుతోంది, పిల్ల వేలు ఆ మాట కిందే ఉంది. పెద్ద అక్షరాలు. దర్వాజా. ఎవరూ చెప్పకుండానే నాకు ఆ మాట వచ్చేసింది. జీవితంలో నా అంతట నేను చదువుకున్న మొదటి మాట అది, కానీ సంతోషించే తీరిక లేదు. నోరు జారితే పిల్ల కొంప ముంచినదాన్నవుతానని కొంగు నోట్లో కుక్కుకున్నాను. దీదీ నా మణికట్టు పట్టుకుంది.

పిల్ల ఆ మాటను వదిలేసి, తర్వాతి రెండు మాటలు చదివి, వెనక్కి వచ్చి, "దర్... దర్వాజా," అంది.

మేడం పుస్తకం మూసి దీదీ వైపు తిరిగింది. "ఫర్రున చదువుతుందన్నావు?"

దీదీ కాస్త తడబడింది. తర్వాత హిందీలో మొత్తం చెప్పేసింది. కంఠతా వచ్చినదాన్ని చదువనుకున్నామని, తానే సరిచూసుకోలేదని, అసలు చదువు మొదలై మూడు వారాలేనని. నాకు ఆ క్షణాన దీదీ మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఇప్పుడు చెప్పాలా ఇదంతా!

"మూడు వారాలా?" అంది మేడం. మా అమ్మాయిని పైనుంచి కిందికి చూసింది. "మూడులోనే కూర్చోబెడతాను. దీపావళి వరకు చూస్తాను. అందుకోలేకపోతే కిందికి దింపేస్తాను. మళ్ళీ వచ్చి నా ముందు ఏడవద్దు."

ఇంట్లో మూడో తరగతి అని మాత్రమే చెప్పాను. దీపావళి మాట చెప్పలేదు. మా అత్త, "సరే, పోనీ," అని తన నాలుగిళ్ళకు తాను వెళ్ళిపోయింది.

దీపావళి సెలవులు వచ్చాయి, వెళ్ళాయి. బడి నుంచి ఏ కబురూ లేదు. మా అమ్మాయిని దింపడానికి గేటు దాకా వెళ్ళినప్పుడు పెద్ద మేడం ఎదురుపడేది. అడుగుదామని నాలుక చివరి దాకా వచ్చేది. అడిగితే ఆవిడకు మరిచిపోయిన మాట గుర్తు చేసినట్టవుతుందని తల వంచుకుని పక్కకు తప్పుకునేదాన్ని. నాలుగో తరగతి పుస్తకాలు పిల్ల చేతికిచ్చేదాకా అలాగే తప్పుకు తిరిగాను.