తారాబాయి మేడమ్ ఇచ్చిన మైనం ముద్ద

ఎండిపోయిన పాళీ కాగితం మీద గీసుకుపోయే చప్పుడుకి నాకు పళ్ళు జివ్వుమంటాయి. సిరా రాదు, తెల్లటి గాటు మాత్రం పడుతుంది. రెండు నెలలుగా భద్రాచలంలోని మా ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు వినిపిస్తున్నది ఆ చప్పుడే. కారణం ఒక ఇత్తడి పెన్ను. ఇష్టమున్నవాళ్ళంతా ముందే డబ్బు కడితే, ఆ డబ్బుతో పెన్ను తయారుచేసి పంపిస్తామని ఇంటర్నెట్‌లో ఒక చిన్న కంపెనీ ప్రకటించింది. క్రౌడ్‌ఫండింగ్ అంటారట. ఆరు నెలల్లో వస్తుందన్న పెన్ను ఏడాదిన్నరకి వచ్చింది. వచ్చింది కదా అని మూత తీస్తే రాయదు. పగలు రాస్తూ రాస్తూ అక్షరం మధ్యలో ఆగిపోతుంది, రాత్రి మూత పెట్టి పొద్దున తీస్తే పూర్తిగా ఎండిపోయి ఉంటుంది. ఐదు ఉత్తరాలు రాశాను. ఐదోదానికి జవాబొచ్చింది: "మిగతావారెవరికీ ఈ సమస్య లేదు. మీరు పెన్ను పట్టుకునే తీరు ఒకసారి సరిచూసుకోగలరు." నలభై ఏళ్ళుగా పెన్ను పట్టుకుంటున్నవాడికి రాసిన జవాబు అది. దాన్ని ప్రింటు తీయించి ఫైల్లో పెట్టుకున్నాను. ఆరో ఉత్తరం మొదలుపెట్టబోతూ పాళీని మళ్ళీ ఒకసారి గీకాను. ఆ చప్పుడు వెనకే జ్ఞాపకంలోంచి ఒక గొంతు వినిపించింది. "ఏంది నాయనా, కాగితాన్ని గట్ల రక్కుతవ్? అదేం చేసింది నిన్ను?"

తారాబాయి మేడమ్ గొంతు అది. సారపాకలో రోడ్డు పక్కన స్కూలు నోటుపుస్తకాలు కుట్టే ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు లేదు. కాగితం కొని, గీతలు కొట్టి, కత్తిరించి, కుట్టి అట్టలు వేసేవాళ్ళం. వచ్చిన కాగితం రాతకి పనికొస్తుందో లేదో తేల్చే గది మేడమ్‌ది. ఆమెది ఖమ్మం. పొట్టి మనిషి, కళ్ళజోడుకి నల్లదారం, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ నీలంగా ఉండేవి. వెనకాల అందరూ సిరా మేడమ్ అనేవారు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. విడతగా వచ్చిన ప్రతి లాటు నుంచి నాలుగు కాగితాలు తీసి, ఫౌంటెన్ పెన్నుతో దగ్గర దగ్గరగా గీతలు గీసి, వాటి అంచులు భూతద్దంతో చూసేది. గీత అంచు నున్నగా ఉంటే కాగితం పాస్. సిరా పక్కలకు పాకి గొంగళిపురుగులా వెంట్రుకలు లేస్తే ఫెయిల్. ఆ గదిలో ఆమెకి అసిస్టెంటుగా చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు.

చేరిన రోజే నాకొక అవమానం జరిగింది. వానాకాలం. గోదాం ముందు బురద మీద చెక్కపలక వేసి ఉంటే, కొత్త చెప్పులతో దాని మీద నడుస్తూ జారి వెల్లకిలా పడ్డాను. లోడింగ్ వాళ్ళంతా తలలు తిప్పుకున్నారు. ఒక్కడు మాత్రం పగలబడి నవ్వాడు. గోదాం చూసుకునే ముత్తయ్య. అడవి లోపలి గూడెం నుంచి వచ్చినవాడు. అక్కడి పోడు భూమి తమ్ముడికి వదిలేసి, భార్యనీ కూతుర్నీ తీసుకొచ్చి సారపాకలో కిరాయి గదిలో కాపురం పెట్టాడు. పిల్ల ఇక్కడి బళ్ళో చదవాలని అతని పట్టుదల. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలిసింది అతను నవ్వాడని మాత్రమే. నేను అలాంటివి మర్చిపోయే మనిషిని కాను. ఎనిమిదో తరగతిలో నన్ను వెనక బెంచీకి మార్చిన సారు ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో ఇప్పటికీ చెప్పగలను.

మూడు వారాల తర్వాత మేడమ్ రెండు రోజులు సెలవు పెట్టి ఖమ్మం వెళ్ళింది. పరీక్ష నన్ను చేయమంది. నా పనితనం చూపించాలని అన్ని పెన్నులూ విప్పి తళతళలాడేలా కడిగాను. కొత్త లాటు కాగితం మీద గీత గీశాను. సిరా పాకింది. ఇంకో కాగితం తీసుకున్నాను, అదీ అంతే. కాగితానికి చెమ్మ తగిలితే సిరా పాకుతుందని అప్పటికే నేర్చుకున్నాను. చెమ్మ ఎక్కడ తగులుతుంది? గోదాంలో. గోదాం ఎవరిది? ముత్తయ్యది. కూర్చుని రెండు పేజీల కంప్లైంటు రాశాను. టార్పాలిన్ కప్పకుండా నిర్లక్ష్యంగా వదిలేశాడనీ, అతనికి పని మీద శ్రద్ధ లేదనీ, పెద్దల పట్ల మర్యాద లేదనీ. మంచి వాక్యాలు పడ్డాయని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను కూడా. ఓనరు అది చదివి, సోమవారం నుంచి రావద్దని ముత్తయ్యకి చెప్పించాడు. అది శుక్రవారం. శనివారం పొద్దున ముత్తయ్య నా గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "సారూ, టార్పాలిన్ నేను ఇప్పలేదు. రాత్రి రెండుపాలి లేచి చూసిన," అన్నాడు. నేను తలెత్తలేదు. నా లెక్కలో, అవమానపడటం ఇప్పుడు అతని వంతు.

మధ్యాహ్నం మేడమ్ బస్సు దిగి నేరుగా గదికి వచ్చింది. చేతిసంచీ కింద పెట్టకుండానే నా దగ్గరున్న కంప్లైంటు కాపీ చదివింది.

"టార్పాలిన్ తీసి ఉన్నది నువ్వు చూసినవా?"

"లేదు మేడమ్. తీసే ఉంటుంది."

"ఉంటుంది అనేదాన్ని ఏ కండ్లతో చూసినవ్?"

ఆమె కుర్చీలో కూర్చుని నన్ను ఎదురుగా నిలబెట్టింది. కొత్త లాటు కాగితం మీద నేను వాడిన పెన్నుతో గీసింది. సిరా పాకింది. "ఇప్పుడు కాగితం ఒక్కటే మారుస్త, చూడు," అని, పోయిన నెల పాసైన కాగితం తీసి అదే పెన్నుతో గీసింది. దాని మీద కూడా పాకింది. "ఇప్పుడు పెన్ను ఒక్కటే మారుస్త," అని తన సంచీలోని పెన్ను తీసి కొత్త లాటు మీద గీసింది. గీత వెంట్రుకంత సన్నగా, నున్నగా నిలబడింది.

"పెన్నులు దేనితో కడిగినవ్?"

"బట్టల సబ్బు పొడితో మేడమ్. బాగా మురికి పట్టి ఉంటే..."

"మంచిగనే చేసినవ్. తర్వాత మంచినీళ్ళల్ల ఎన్నిసార్లు తీసినవ్?"

ఒక్కసారి. ఆమె గాజుగ్లాసులో నీళ్ళు పోసి, నా పెన్ను పాళీభాగం ఊడదీసి అందులో వేసి, మీద అరచెయ్యి మూసి ఊపింది. గ్లాసు అంచు దాకా నీలపు నురగ లేచింది. సిరాలో రవ్వంత సబ్బు కలిసినా ఎంత మంచి కాగితం మీదైనా పాకుతుందని అప్పుడు చెప్పింది. తిట్టలేదు. గ్లాసు నా ముందుకి జరిపింది. "గింత సబ్బు పట్టుకొని ఒకని బతుకు కడిగెయ్యబోయినవ్ గదా నాయనా," అంది.

ఓనరుకి మీరే చెప్పండి మేడమ్ అని బతిమాలాను. "రాసిన చెయ్యే కొట్టెయ్యాలె," అంది. రెండు పేజీల కంప్లైంటు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీతలు కొట్టించింది. దాని పైన ఒక్క వాక్యం రాయించింది: పెన్నులు సరిగా కడగని తప్పు నాది, కాగితం బాగుంది. దాన్ని ఓనరు గదిలో, ముత్తయ్య ఎదుట, పైకి చదివించింది. ఓనరు నన్ను ఎగాదిగా చూసి, సోమవారం రమ్మని ముత్తయ్యకి చెప్పాడు. బయటికొచ్చాక నేను తలదించుకుని నిలబడితే ముత్తయ్యే అన్నాడు, "సారూ, గా దినం నవ్వింది నేనే. అబద్ధమెందుకు. మీ చెప్పు ఎగిరి రేకుల మీద పడ్డది మరి. ఇప్పుడు యాది చేసుకున్నా నవ్వొస్తది." చెప్పి మళ్ళీ నవ్వాడు. ఈసారి నేనూ నవ్వాను. కానీ నిజం చెప్పాలి. మేడమ్ నన్ను అందరి ముందు చదివించినందుకు ఆమె మీద కోపం నాకు ఏడాదికి పైగా పోలేదు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆమె దగ్గర పనిచేశాను. నా కంప్లైంట్లు ఆపమని ఆమె ఎప్పుడూ అనలేదు. ఇది ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అందరూ నన్ను సర్దుకుపొమ్మనేవాళ్ళే. ఆమె మాత్రం, "రాయి, కానీ నిలబడేటట్టు రాయి," అనేది. ఆమె నియమాలు ఇవి: ఒకసారికి ఒకటే మార్చి చూడాలి. చూసింది రాయాలి, అనుకున్నది కొట్టెయ్యాలి. అన్నిటికంటే కష్టమైంది, పై లైను నీది. అంటే ఏ కంప్లైంటులోనైనా మొదటి వాక్యం మనవైపు తప్పు ఏమిటో చెప్పాలి. వెతికినా దొరక్కపోతే, ఏమేం వెతికామో చెప్పాలి. అట్టలు చెడగొట్టి పంపిన వ్యాపారి మీద ఆమె పద్ధతిలో నేను రాసిన ఉత్తరం చదివి అతను మారు మాట్లాడకుండా లాటంతా వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు మేడమ్ టీ తెప్పించింది. నేను ఎవరి మీద మండిపడుతూ గదిలోకి వచ్చినా మాత్రం కళ్ళజోడు పైనుంచి చూసి ఒకటే మాట అడిగేది. "సబ్బు పోయిందా?"

ముత్తయ్య ఏటా ఎండాకాలం గూడెం వెళ్ళి వచ్చేటప్పుడు మేడమ్ కోసం తేనెపట్టు మైనం తెచ్చేవాడు. ఆమె దాన్ని వేళ్ళ మధ్య మెత్తగా చేసి సిరాబుడ్ల మూతల చుట్టూ అద్దేది. గాలి పోకపోతే సిరా ఎండదు. గదంతా సిరా, తేనె కలిసిన ఒక వాసన. రిటైరైన రోజు ఆమె తన పెన్నులన్నీ ఒక పళ్ళెంలో పెట్టి పంచింది. కటింగ్ మిషను నడిపే అతనికి ఒకటి, అకౌంటెంటుకి ఒకటి, ముత్తయ్య కూతురికి ఒకటి. పదకొండేళ్ళు పక్కన కూర్చున్న నా వంతు వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. సంచీలోంచి ఒక అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టింది. అందులో మైనం ముద్ద. "నీకు పెన్ను ఎవరైనా ఇస్తరు," అని మాత్రం అంది. ఆ అగ్గిపెట్టెని నేను దాచుకున్నది ప్రేమతో కాదు. నాకు జరిగిన అన్యాయానికి సాక్ష్యంగా. మూడేళ్ళ కింద ఖమ్మం దవాఖానాలో చివరిసారి చూసినప్పుడు, నాకు పెన్ను ఎందుకివ్వలేదో అడుగుదామనే కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపే, "ఇప్పుడెవరి మీద రాస్తున్నవ్?" అంది సన్నటి గొంతుతో. నవ్వొచ్చి అడగలేకపోయాను. పది రోజులకి ఆమె పోయింది.

ఇప్పుడు ఆ గొంతు విన్నాక, ఆరో ఉత్తరం పక్కన పెట్టాను. మొదటిరోజు సిరా ఒక్కటే మార్చాను, తేడా లేదు. రెండోరోజు కాగితం ఒక్కటే మార్చాను, తేడా లేదు. మూడోరోజు పాళీని ఒక చుక్క సబ్బుతో కడిగి, నురగ పోయేదాకా, పోయాక ఇంకో ఐదుసార్లు, మంచినీళ్ళలో తీశాను. తేడా లేదు. నాలుగోరోజు చెయ్యి మార్చాలి. పగలు పెన్నులో సిరా పారుతున్న వేళ మా ఆవిడ శారదని పిలిచి ఏదైనా రాయమన్నాను. సరుకుల చీటీ రాసింది. కందిపప్పు నుంచి కర్పూరం దాకా ఒక్క అక్షరం తెగలేదు.

"బాగానే రాస్తోందిగా. దీనికా రెండు నెలలు?" అంది.

ఆమె చేతిని చూశాను, నా చేతిని చూశాను. ఆమె పాళీ రెండు కొనలూ కాగితానికి సమానంగా ఆనుతున్నాయి. నేను పెన్నుని లోపలికి మెలితిప్పి పట్టుకుంటున్నాను, ఒక కొన గాల్లో ఉంటోంది. నిటారుగా తిప్పి పట్టుకుని రాశాను. ఆగకుండా రాసింది. పెన్ను పట్టుకునే తీరు గురించి కంపెనీవాడు రాసిన ఆ వాక్యం సగం నిజం. ఆ రోజు అన్నం సయించలేదు.

కానీ మర్నాడు పొద్దున మూత తీసి శారద చేతికిస్తే ఆమెకి కూడా ఎండిపోయే ఉంది. అంటే ఇది నా చేతిది కాదు. ఉత్త మూత నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చాను. వచ్చింది. క్లిప్పు బిగించిన చోట సన్నటి సందు, సిరాలో నీరంతా రాత్రంతా అక్కణ్ణుంచే ఆవిరైపోతోంది. బీరువా తెరిచాను. అగ్గిపెట్టెలో మైనం ముద్ద రాయిలా గట్టిపడి ఉంది. అరచేతుల మధ్య రుద్దితే మెత్తబడి, ఆ గది వాసన వచ్చింది. చిటికెడు తుంచి మూత లోపల సందుకి అద్దాను. మళ్ళీ పీల్చాను. గాలి రాలేదు. మర్నాడు పొద్దున పెన్ను మొదటి గీతకే రాసింది. మంచం అంచున కూర్చుని అగ్గిపెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాను. పళ్ళెంలోని పెన్నులు అందుకున్నవాళ్ళలో ఎవరి దగ్గరైనా అవి ఇంకా ఉన్నాయో లేదో నాకు తెలియదు.

ఆరో ఉత్తరం ఆ పెన్నుతోనే రాశాను. పన్నెండు వాక్యాలు. పదకొండు వాక్యాలు ఒక గంటలో అయిపోయాయి. పై లైను రాయడానికి మూడు రోజులు పట్టింది: "పెన్నును వంకరగా పట్టుకుంటున్నది నేనే, అక్షరాలు తెగడానికి కారణం అదే." దాని కింద మూత సంగతి, పరీక్షించే విధానం, చూసింది చూసినట్టు. ఫోటో తీసి కంపెనీకి పంపి, ఆ పెన్నుకి డబ్బు కట్టినవాళ్ళంతా పోట్లాడుకుంటున్న ఇంటర్నెట్ పేజీలో కూడా పెట్టాను. సాయంత్రానికల్లా ఒక్కొక్కరూ తమ మూతలు పీల్చి చూసి, తమకీ గాలి వస్తోందని రాయడం మొదలుపెట్టారు. వారానికి కంపెనీ నుంచి జవాబు. మూతలో లోపం ఉంది, అందరికీ కొత్త మూతలు పంపిస్తాం, పరీక్ష చెప్పినందుకు కృతజ్ఞతలు. మిగతావారెవరికీ సమస్య లేదన్న పాత జవాబు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ప్రింటు ఇంకా నా ఫైల్లోనే ఉంది.

కొత్త మూత వచ్చింది. వాడటం లేదు. మైనం పెట్టిన పాత మూతే బిగిస్తున్నాను. ఇప్పటికీ ఎవరిమీదైనా కంప్లైంటు రాయడానికి కాగితం తీసినప్పుడు ముందు పై లైనంత చోటు వదిలి కూర్చుంటాను. ఆ ఖాళీలోంచి కళ్ళజోడు పైనుంచి ఆమె చూస్తుంది. సబ్బు పోయిందా అంటుంది.

ఇంకా కొంచెం ఉంది మేడమ్.