కాశయ్య ఎత్తిన కర్ర

తర్లుపాడు బీళ్లలో ముప్ఫయ్యేళ్లు గొర్రెలు కాచిన కాశయ్యకు బట్టమేక పిట్ట గురించి తెలియనిది లేదని ఊరంతా ఒప్పుకునేది. ఊరికంటే ముందు కాశయ్యే ఒప్పుకునేవాడు. మనిషి నడుమెత్తు ఉండే ఆ పిట్ట ఎప్పుడు మేస్తుందో, ఏ మిట్ట మీద నిలబడుతుందో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. దానికి ఒక్కటే దుర్గుణమట, గొర్రెలంటే గిట్టదు. మంద దగ్గరికి పోతే రెక్కలు విప్పి ఎదురు నిలుస్తుంది. అట్లా నిలిచినప్పుడల్లా కర్ర ఎత్తి తరిమేవాడు.

పంతొమ్మిదివందల ముప్ఫయ్యారు శ్రావణంలో, మార్కాపురం బోర్డు స్కూలు పంతులు ప్రభాకరరావు ఆ పిట్టను ఫొటో తీయాలని పెట్టె కెమెరాతో వచ్చాడు. ఆయన తెల్లపంచె, గొడుగు కనబడగానే పిట్ట ఫర్లాంగు దూరంలోనే లేచిపోయింది. మూడు ఆదివారాలు అదే తంతు. నాలుగో ఆదివారం కాశయ్య జాలిపడి, పంతులుకు తన గొంగళి కప్పి మంద నడుమ వంగి నడవమన్నాడు. గొంగళికీ గొర్రెకూ ఆ పిట్ట బెదరదు. గొర్రెవాసనకు తుమ్ములు ఆపుకోలేక పంతులు నానా అవస్థ పడ్డాడు.

నాలుగు బారల దూరంలోకి వచ్చినా పిట్ట కదల్లేదు. ముందు గొర్రె దగ్గర పడగానే లేచి, రెక్కలు రెండూ విప్పి నిలబడింది. ఒక అడుగు ముందున్న కాశయ్య చెయ్యి అలవాటుగా లేచింది. కెమెరా టిక్కుమంది. మరుక్షణం పంతులు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు కాశయ్యా. దాని కాళ్ల దగ్గర చూడు.”

ఉత్త నేల మీద మట్టిరంగు గుడ్డు, ఒకే ఒక్కటి. ఏడాదికి ఒక్కటే పెడుతుందని పంతులు తాను చదివింది చెప్పాడు. కాశయ్య కర్ర దించాడు. ఇన్నేళ్లలో తన మంద కాళ్లకింద ఎన్ని పోయాయో లెక్క లేదు.

మందను మళ్లించగానే పిట్ట తిరిగి గుడ్డు మీద కూర్చుంది. కానీ ఆ సాయంత్రం నుంచి ఎరువు కోసం ఆ బీడులోనే మంద పడుకోబెడతానని రైతు కొండయ్యకు మాట ఇచ్చి ఉన్నాడు. తాను కాదంటే ఇంకో మంద వస్తుంది. నేరుగా కొండయ్య ఇంటికి పోయి, నెల దాకా ఆ బీడు వదిలేస్తే పైచేలో రెండింతల రోజులు మంద పెడతానని బతిమాలాడు.

“ముప్ఫయ్యేండ్లు తరిమినావు. ఇప్పుడు కాపలానా?” అని నవ్వి కొండయ్య ఒప్పుకున్నాడు.

ఆ మాట కాశయ్యకు ముల్లులా గుచ్చుకుంది. రోజూ దూరం నుంచే చూసిపోయేవాడు. మూడు వారాలు దాటాక ఒకనాడు తల్లి వెనక పిల్ల నడుస్తూ కనిపిస్తే, చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

ఆ ఆదివారం పంతులు ఫొటో తెచ్చాడు. ఒకవైపు రెక్కలు విప్పిన పిట్ట, ఇంకోవైపు కాశయ్య ఎత్తిన కర్ర. కర్ర అడ్డంగా ఉంది, ఆ సగం కోసేస్తానన్నాడు పంతులు.

“కోయొద్దు అయ్యోరూ,” అన్నాడు కాశయ్య. “అది ఇన్నేండ్లు చూసింది నన్ను అట్లనే గదా. ఉండనీ.”