నునుపు బాబాయి కారనిచ్చిన బొట్లు

ఆ పెయింటర్‌ను వీధిలో అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన నునుపు బాబాయే. ఏ ఇంటికి వెళ్లినా కూర్చోకముందే కళ్లు మూసుకుని తలుపు నిమరడం ఆయన అలవాటు. వియ్యంకుల ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు కూడా మంచిచెడ్డలు అడక్కుండా వాళ్ల గుమ్మం నిమిరాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

పనికి మాత్రం వంక పెట్టలేం. వంటింటి అలమర్లకు పాత రంగు గీకడం, గుంటల్లో లప్పం కూరడం, గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ రుద్దడం. "ఈగ వాలితే జారిపడాలి" అనేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క బొట్టు కూడా కారనివ్వలేదని చెప్పుకోని రోజు లేదు. ఆ ఒక్క విషయంలో మనిషికి కాస్త పొగరే. ఉండనివ్వండి, కష్టపడి సంపాదించుకున్న పొగరు.

ఒక ఇంటి కోడలు ఆయన్ను పిలిచింది. అత్తగారు చెల్లెలి ఇంట్లో ఉన్న వారం రోజుల్లో అలమర్లన్నీ కొత్తగా చేయించి, ఆవిణ్ణి ఆశ్చర్యపరచాలని ఆమె ముచ్చట. మొత్తం పన్నెండు తలుపులు. అక్కడక్కడా పాత రంగు కారి, బొట్లు బొట్లుగా గడ్డకట్టి ఉంది.

"ఎవరమ్మా ఈ మహానుభావుడు? చీపురుతో వేశాడా ఏంటి?"

"మా మామగారు. పోయిన మామగారు" అంది కోడలు.

బాబాయి నాలుక కరుచుకున్నాడు. బొట్లను మాత్రం వదల్లేదు, అన్నీ గీకేశాడు.

అత్తగారు వచ్చి "బాగుందమ్మా" అన్నారు. మర్నాడు టీలో ఉప్పు పడింది. ఆ మర్నాడు కూరలో చక్కెర పడింది. మూడోనాడు ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చుని, "ఇకనుంచి వంట నువ్వే చూసుకో తల్లీ" అనేశారు. నలభై ఏళ్లుగా గరిటె ఇంకొకరి చేతికివ్వని మనిషి! రంగు నచ్చలేదేమో కనుక్కోమని బాబాయికి ఫోన్ చేసి, కోడలు ఆఫీసుకు వెళ్లింది.

బాబాయి రుసరుసలాడుతూ వచ్చి పన్నెండు తలుపులూ నిమిరాడు. "లోపం ఎక్కడుందో చూపించండమ్మా!"

"ఎక్కడా లేదు నాయనా. అదే లోపం."

అత్తగారు గొంతు తగ్గించి చెప్పారు. చూపు మసకబారి ఏడాదైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తలుపు మీద మూడు బొట్లుంటే లోపల చక్కెర, ఒకటుంటే ఉప్పు. పోయిన భర్త వంకర పని పుణ్యమా అని వేళ్లే అన్నీ వెతికి పెట్టేవి. "కోడలు బంగారం. తెలిస్తే నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వదు. చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు బాబూ."

తను గీకేసింది ఆవిడ కళ్లనే అని అర్థమై బాబాయి సిగ్గుపడ్డాడు. ఏ తలుపు మీద ఎన్ని బొట్లో ఆవిణ్ణడిగి కుంచె ముంచాడు. చెయ్యి ఒకంతట సాగలేదు. కారకుండా చూడటమే తెలిసిన చెయ్యి కదా, కారేలా వెయ్యడం రాదు! రెండుసార్లు తుడిచి, మూడోసారికి ఎలాగో కారనిచ్చాడు.

వారం తర్వాత కోడలు మళ్లీ పిలిచింది. "ఇదేంటి బాబాయ్, ఇక్కడ రంగు కారింది?"

"అవునమ్మా" అన్నాడాయన, తల వంచుకుని. "వయసు మీద పడింది. చెయ్యి వణుకుతోంది."

ఆ మాట అనడానికి ఆయన ప్రాణం ఎంత గింజుకుందో ఆయనకే తెలుసు. కోడలు మూడు బొట్ల మీద వేలు పెట్టింది. పక్క తలుపు మీది ఒక్క బొట్టును తడిమింది. పొయ్యి దగ్గర టీ పెడుతున్న అత్తగారు ఇటు తిరక్కుండానే చెయ్యి చాచి, బొట్లు తడిమి, చక్కెర డబ్బా తీసుకున్నారు. కోడలు లోపలికి వెళ్లి అత్తగారి మందుల డబ్బా తెచ్చింది.

"బాబాయ్" అంది, మామూలుగానే. "అత్తయ్య మందులు ఈ తలుపు వెనకాల పెడుతున్నా. దీని మీద కూడా ఓ రెండు బొట్లు కారనివ్వండి."