గంటాయన ఎడమ చెయ్యి

మా పెదనాన్న అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. బాక్సింగ్ క్లబ్బులో గంట కొడతాడు కాబట్టి గంటాయన. రింగు పక్కన కుర్చీ, గోడకు గడియారం, చేతికందేలా ఇత్తడి గంట. రౌండు మొదలైతే ఒక దెబ్బ, ముగిస్తే ఒక దెబ్బ. జీవితమంతా అదే పని. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కూతుర్ని, అంటే నన్ను, పెంచడంతోనే ఆయనకు సరిపోయింది.

ఆ తమ్ముడు, అంటే మా నాన్న, బాక్సరు. నేను ఉయ్యాల్లో ఉండగానే పోయాడు. రింగులో కాదు. పోటీ గెలిచి ఇంటికొచ్చి, "పాప పడుకుందా?" అని అమ్మని అడిగి, తల కొంచెం నొప్పిగా ఉందంటూ మంచమెక్కాడు. మళ్ళీ లేవలేదు. అప్పటికి పెదనాన్న ఇంకా క్లబ్బులోనే గంట కొడుతున్నాడు. నాన్న చివరి మాటలు అమ్మ తను పోయే ముందు నాకొక్కదానికే చెప్పింది. "మీ పెదనాన్నకి చెప్పకే, తట్టుకోలేడు" అంది. నేను చెప్పలేదు.

క్లబ్బు కింద గదిలో నా కుట్టు కొట్టు. చిరిగిన గ్లవ్స్, తెగిన జిప్పులు, పట్టీ ఊడిన బ్యాగులు. పైన జరిగే రభసంతా నా నెత్తిమీదే. సాయంత్రమయ్యేసరికి ముగ్గురు చేరేవాళ్ళు: పళ్ళ డాక్టరు, లారీ డ్రైవరు, లెక్కల మాస్టారు. ఈ కాలంలో అందరికంటే గొప్ప బాక్సరెవరు? రోజూ అదే గొడవ. అది తేలితే తప్ప తెల్లారదన్నట్టు గొంతులు చించుకునేవాళ్ళు. పళ్ళు రాలగొట్టే ఆటంటే పళ్ళ డాక్టరుకు ఎందుకంత మోజో చెప్పక్కర్లేదు.

ఆ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. నోటి వాదన చెల్లదు. ఎవరి పేరెత్తితే వాడిలా రింగులోకి దిగి, ఎదురుగా మనిషి లేకుండా, గోడకున్న పెద్ద అద్దంలో తన రూపంతోనే ఒక రౌండు ఆడి చూపించాలి. డాక్టరేమో అలీ పేరు చెప్పి పొట్ట ఊపుకుంటూ గంతులేసేవాడు. డ్రైవరు టైసన్‌లా వంగి, లేవలేక నడుం పట్టుకునేవాడు. మాస్టారు మేవెదర్‌లా భుజం చాటున గడ్డం దాచుకుని, "ఒక్క ఓటమీ లేదయ్యా, ఇంకేం కావాలి?" అనేవాడు. కిందనుంచి నేను పైకప్పును కర్రతో పొడిచేదాన్ని. ఎవరు వింటారు?

"మీరు చెప్పేవాళ్ళంతా మా తమ్ముడి తర్వాతే" అనేవాడు పెదనాన్న.

"అయితే దిగి చూపించు!"

"నేను దిగితే గంటెవరు కొడతారు?"

అందరూ నవ్వేవాళ్ళు. నాన్న ఆట చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఫొటో అన్నా లేదు. ఆయన ఎలా కదిలేవాడో పెదనాన్న తలలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ తల ఖాళీ కావడం మొదలుపెట్టింది. తాళాలు మర్చిపోయాడు, తిన్నది మర్చిపోయాడు, ఇంటి దారి మర్చిపోయాడు. మతిమరుపు జబ్బే, తగ్గేది కాదన్నారు ఆసుపత్రిలో. ఒకరోజు నా కొట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నేను మర్చిపోతే వాడింకెక్కడుంటాడే?"

"నేను లేనా పెదనాన్నా?"

"నువ్వు చూళ్ళేదు కదే."

చేతిలో ఉన్న గ్లవ్ మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను.

ఆ తర్వాతే ఎడమ చెయ్యి మొదలైంది. ముందు చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకున్నాడు. నా కత్తెర ఎడమచేత్తో అందుకున్నాడు. పెదనాన్నది పుట్టుకనుంచీ కుడిచేతి వాటం. ఎడమచేతి వాటం మా నాన్నది. "ఏంటా పని?" అని కసిరితే, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు దాని వంక చూశాడు.

తర్వాత ఇంకోటి. మా గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావడం మొదలుపెట్టాడు. పెదనాన్న పొట్టివాడు. గుమ్మం పైకొయ్య ఆయన తలకు మూరెడు పైన ఉంటుంది. తల వంచక తప్పనంత పొడుగు ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవారని అమ్మ చెప్పేది. ఆయన అలా వంగి వచ్చిన ప్రతిసారీ నా చేతిలో సూది ఆగిపోయేది. భయమేసేది, అబద్ధమెందుకు? ఆ భయంలోనే సిగ్గులేని ఆశ కూడా ఉండేది. నాన్నను చూడని పిల్లని నేను.

ఒక సాయంత్రం పైన గొడవ ఠక్కున ఆగిపోయింది. ఆ ముగ్గురూ ఒకేసారి నోరు మూసుకోవడం నేనెరగను. కుట్టు వదిలేసి మెట్లెక్కాను.

పెదనాన్న రింగులో ఉన్నాడు. ఎడమచేతి వాటం బాక్సర్లు నిలబడేలా కుడిచెయ్యి ముందు, ఎడమచెయ్యి గడ్డం దగ్గర. చప్పుళ్ళేని అడుగులు. మోకాళ్ళ నొప్పులతో మెట్లకు నా భుజం ఆసరా అడిగే మనిషి పక్కకు జారుతున్నాడు, వంగుతున్నాడు, ఎడమచేత్తో గాల్లోకి ఒక దెబ్బ వదిలి, అది తగిలేలోపే అక్కడ లేకుండా పోతున్నాడు. అద్దంలోకి చూశాను. అందులో తల చాలా ఎత్తున కనిపించింది. ఆపైన అటు చూడలేదు.

"అమ్మా, ఆపించు" అన్నాడు డ్రైవరు. "రౌండు ఎప్పుడో అయిపోయింది."

"పిలిచాం, వినట్లేదు" అన్నాడు డాక్టరు.

వినడు. గంట మోగనిదే ఏ బాక్సరూ ఆగడు. గంట కొట్టేవాడేమో రింగులో ఉన్నాడు. ఆ ముగ్గురికీ ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. నేనే వెళ్ళి కొట్టాను.

చేతులు దించాడు. చెమట తుడుచుకుంటూ తాళ్ళ దగ్గరికొచ్చి కుర్చీ వైపు చూశాడు.

"అన్నయ్యేడీ?"

ఆ గొంతు పడుచుగా ఉంది. నేనెన్నడూ విననిది.

"ఇప్పుడే వస్తాడు" అన్నాను.

"పాప పడుకుందా?"

ఆ మాట ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

"పడుకుంది నాన్నా."

"తల కొంచెం నొప్పిగా ఉంది. ఇంటికెళ్ళి పడుకుంటా."

అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. ఆ రాత్రి ఆ మాట తర్వాత నాన్నకి ఏం జరిగిందో నాకు తెలుసు. నాన్నను పడుకోనిస్తే పెదనాన్న కూడా లేవడు. డాక్టర్ని అంబులెన్సు పిలవమని కేకేశాను. తాళ్ళ మధ్యలోంచి దూరి ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. ఏదో ఒకటి మాట్లాడించాలి. ఇన్నేళ్ళు కర్రతో పొడిచి ఆపాలని చూసిన ఆ దిక్కుమాలిన ప్రశ్నే నోటికొచ్చింది.

"పడుకోకు నాన్నా. ముందు నాకు చెప్పు. అందరికంటే గొప్ప బాక్సరెవరు? అలీయా, నువ్వా?"

నవ్వాడు. "నేనా? నాకు నేర్పిందెవరనుకున్నావ్? మా అన్నయ్య. ఎడమచేత్తో నేను వేసే ప్రతి దెబ్బా వాడు కాచుకునేవాడు. ఇద్దరం ఆడితే ఇల్లు గడవదని గ్లవ్స్ నాకిచ్చేసి గంట పట్టుకున్నాడు. వాడి ఆట ఎవరూ చూళ్ళేదమ్మా. నేనొక్కణ్ణే చూశా."

పెదనాన్న గ్లవ్స్ తొడిగాడన్న సంగతి ఆయన నాకెన్నడూ చెప్పలేదు. వెనక ముగ్గురూ తలలు దించుకున్నారు. ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను భుజాలు పట్టి కుదిపాను.

"ఎలా ఆడేవాడు నాన్నా? నోటితో చెబితే చెల్లదు. చూపించు."

నా ముఖంలోకి చూశాడు. తర్వాత, మెల్లగా, ఎడమచెయ్యి ముందుకు జరిగి, పెదనాన్న గంట కొట్టే ఆ కుడిచెయ్యి గడ్డం దగ్గరికి లేచింది.