ఓడ తమ్ముడు బెల్షియోర్

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మా తాత బెల్షియోర్ ఇంటికి వచ్చేవాడు కాదు. నా వేలు పట్టుకుని నేరుగా చేపల రేవుకు నడిచేవాడు. అక్కడ ఫెలిజార్దా అవ్వ మూకుడు ముందు కూర్చుని అకరజే వడలు వేస్తూ ఉండేది. అలసంద పిండి ఎర్రటి దెందే నూనెలో పడ్డ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఆ రేవే గుర్తొస్తుంది.

"వచ్చాడండీ మహారాజు! పొగాకు కంపు. ఆ గాలివాటుకు కూర్చో."

"నీ నూనె కంపు కంటే నయమే అక్కా."

వాళ్లిద్దరూ ఒక తల్లి బిడ్డలు కారు. ఆఫ్రికా నుంచి ఒకే ఓడలో వచ్చారు. సముద్రానికి ఇవతల, బయియాలోని మా పట్నంలో అలా వచ్చినవాళ్లు తోబుట్టువులే. ఒకరి బిడ్డకు పేరు పెట్టాలంటే రెండోవారు రావాలి. ఒకరింట్లో చావు వస్తే రెండోవారింట్లోనూ పొయ్యి వెలిగేది కాదు.

ఆ ఓడ 1848లో మా తీరాన ఇసుకలో కూరుకుపోయింది. సముద్రం దాటించి మనుషుల్ని తెచ్చి అమ్మడం అప్పటికి పదిహేడేళ్లుగా నేరం. అలా వచ్చినవాళ్లు ఈ నేల మీద కాలు పెట్టగానే స్వతంత్రులని చట్టం. సర్కారు పడవలు వచ్చేలోగా వర్తకులు అందినవాళ్లను అందినట్టు తెప్పల్లోకి దించుకుని పారిపోయారు. ఎనిమిదేళ్ల తాత తెప్పలో పడ్డాడు. పన్నెండేళ్ల అవ్వ ఓడలోనే మిగిలి సర్కారుకు దొరికింది. ఆమెతో ఏళ్ల తరబడి చాకిరీ చేయించుకుని చివరికి ఒక విడుదల కాగితం ఇచ్చారు. ఓడ పేరూ సంవత్సరమూ అందులో ఉన్నాయి. తాతేమో బరాతా దొర పొగాకు తోటలో బానిసగా పెరిగాడు.

తాతకు ముప్పై మూడేళ్లప్పుడు దొర అతన్ని దక్షిణాది కాఫీ తోటలకు అమ్మజూపాడు. అక్కడికి పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. తాత ఆ వారమే డాక్టర్ తావరెస్ అనే వకీలు గుమ్మం ఎక్కి దావా వేశాడు. అది తేలేదాకా అతన్ని ఒక రేకుపనివాడి ఇంట్లో ఉంచమని కోర్టు చెప్పింది. "కుదువపెట్టిన చెంబులా ఉన్నాను," అని తాత నవ్వుతూ చెప్పేవాడు.

దొర వాదన ఒక్కటే: వీడు మా తోటలోనే పుట్టాడు. కాదని చెప్పడానికి తాతకు ఉన్నదీ ఒక్క సాక్షే.

సాక్ష్యం రోజు అవ్వ ఉతికిన తెల్లబట్టలు కట్టుకుని కోర్టుకు వెళ్లింది.

"దావా వేసినవాడు నీకేమవుతాడు?" అని గుమాస్తా అడిగాడు.

"తమ్ముడు."

రాజధాని నుంచి వచ్చిన దొర వకీలు దిగ్గున లేచాడు. "చిత్తగించండి! తమ్ముడి కోసం అక్క చెప్పే సాక్ష్యం చెల్లదు."

జడ్జి అవ్వ వైపు చూశాడు. "ఒకే తల్లి బిడ్డలా?"

"కాదయ్యా."

"తండ్రి ఒకడేనా?"

"కాదు."

"అయితే ఏమీ కాడని చెప్పు. రాసుకుని ముందుకు పోదాం."

తావరెస్ వంగి మెల్లగా బతిమాలాడు. "ఒక్క మాట తల్లీ. అనేస్తే అతను బయటపడతాడు."

అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఎలా అంటానయ్యా? ఓడలో వీడికి జ్వరం వస్తే నా వంతు నీళ్లు వీడికి తాగించాను. ఏమీ కానివాడికి ఎవరు పోస్తారు?"

"అనేయ్ అక్కా! నేనేం అనుకోను!" అని తాత వెనక నుంచి అరిచాడు.

"నువ్వు నోర్ముయ్యరా. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నీకేంటి?"

కోర్టులో నవ్వులు లేచాయి. తాత మాత్రం నవ్వలేదు. కాఫీ తోటలకు పోయే బండి కళ్ల ముందు కనిపించిందట.

వాళ్లు తోబుట్టువులని వారంలోగా రుజువు చేయమని జడ్జి దొర వకీలుకు గడువిచ్చాడు. అవ్వ సాక్ష్యం ఇంకా మొదలే కాలేదు కనుక ఆమె దగ్గరున్న కాగితం సంగతి అతనికి తెలియదు. అతను దొర వంటమనిషి జెనోవెవాను తీసుకొచ్చాడు.

"అక్కాతమ్ముళ్లేనండీ," అంది జెనోవెవా, ప్రమాణం చేసి. "పండక్కి ఆవిడ ఇతనికి చొక్కా కుట్టిస్తుంది. తోటలో ఎవర్నైనా అడగండి."

తావరెస్ కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు. "తల్లులు వేరంటున్నారు కదమ్మా. మరి అక్కాతమ్ముళ్లెలా అయ్యారు?"

జెనోవెవా అతన్ని జాలిగా చూసింది. "అదేంటి బాబూ, అంత చదువుకున్నారు! ఒకే ఓడ కదా. ఇసుకలో దిగబడిపోయిందే, ఆ ఓడ. మా దొరగారి నాన్నే కదా తెప్పలోంచి ఇతన్ని తీసుకున్నది."

అవ్వ జాకెట్టులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అందులోని ఓడ పేరూ సంవత్సరమూ జడ్జి రెండుసార్లు చదివాడు. దొర వకీలు కూర్చుని, మళ్లీ లేవలేదు.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. నేల మీద కాలు పెట్టిన రోజు నుంచే బెల్షియోర్ స్వతంత్రుడు.

"ఆ రోజు నుంచేనా?" అని తాత అడిగాడు. గుమాస్తా అవునన్నాడు. తాత బల్ల మీద కూలబడి పోయిన ఏళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాడు. అవ్వ పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది.

"కాగితంలో ఇంటిపేరు ఏం రాయను?" అన్నాడు గుమాస్తా. "బరాతా అనే రాయనా? అందరూ దొర పేరే పెట్టుకుంటారు."

తాత అవ్వ వైపు చూశాడు.

"చూస్తావేంటి? నాది రాయించుకో," అంది అవ్వ. "వాడితే అరిగిపోతుందా?"

గుమాస్తా రాశాడు: బెల్షియోర్ ద కొన్సెయిసావ్. తాతకు చదువు రాదు. "ఇందులో ఏ ముక్క అక్కది?" అని అడిగి, గుమాస్తా చూపించిన చోట వేలు పెట్టాడు. సిరా ఇంకా ఆరలేదని గుమాస్తా కసురుకునే దాకా ఆ వేలు తీయలేదట.